విశ్రాంత జీవితానికి బాపట్ల: నివాసయోగ్యతపై ఒక సమీక్ష

ఉద్యోగ విరమణ తరువాత నగరం వదిలి సముద్రతీరంలో స్థిరపడాలనుకునేవారు సాధారణంగా ముందు సముద్రాన్ని చూసి మనసు పడతారు, ఊరి సంగతి తరువాత ఆలోచిస్తారు. ఊరినే ముందు చూడాలని, ఆ ఊరికి సముద్రం కాక వేరే బతుకుతెరువు ఉంటే మరీ మంచిదని నా అభిప్రాయం. పర్యాటకుల మీద ఆధారపడిన ఊరిలో అద్దెలు శని, ఆదివారాల గిరాకీని బట్టి నిర్ణయమవుతాయి. ఓడరేవు మీద ఆధారపడిన ఊరిలో లారీల రద్దీకి రాత్రింబగళ్ల తేడా ఉండదు. కాలేజీలు, కచేరీలు, రైల్వే స్టేషను, చుట్టుపక్కల పల్లెల వ్యవసాయం, వీటితో తన మానాన తాను నడిచే ఊరు సముద్రానికి ఒక పావుగంట, ఇరవై నిమిషాల దూరంలో దొరికితే, నిశ్శబ్దం, తక్కువ ఖర్చు రెండూ ఒకేచోట దొరికే అవకాశం ఉంటుంది. ఆ లెక్కన ఆంధ్ర తీరంలో బాపట్లకు సాటి వచ్చే పట్టణాలు తక్కువ. అక్కడ అద్దె ఇంట్లో కాపురముండి గమనించిన విషయాలను, వాటిలోని లోపాలతో సహా, ఇక్కడ వివరిస్తున్నాను. నా లెక్కలో ఈ ఊరికి అయిదుకు మూడున్నర మార్కులు. తగ్గిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పడానికే ఈ సమీక్షలో ఎక్కువ చోటు పట్టింది.

బాపట్లకు ముందు పరిశీలించి పక్కన పెట్టిన ఊళ్లలో భీమునిపట్నాన్ని వదులుకోవడమే కష్టమనిపించింది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి సమాధులు, 1861 నుంచి పురపాలక సంఘం ఉన్న ఊరి పాత వీధులు, విశాఖ నుంచి వచ్చే దారిలో ఎర్రమట్టి దిబ్బలు, ఇవన్నీ ఒకచోట ఉన్న ఊరు మన తీరంలో మరొకటి లేదు. అయితే భీమిలి ఇప్పుడు విశాఖ మహానగరంలో భాగమైపోయింది. బీచి రోడ్డు వెంట నగరం అక్కడి దాకా పాకింది, అవతలి వైపు నుంచి భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి స్థలాల ధరలు పెంచారు. పింఛనుతో ఇల్లు గడుపుకోవలసినవారికి అక్కడి ధరలు అందవు. ఉప్పాడలో సముద్రం ఏటా ఒడ్డును కోసుకుంటూ వస్తున్న సంగతి కాకినాడ రోడ్డు మీద ఒకసారి ప్రయాణించినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మచిలీపట్నంలో వైద్య సదుపాయాలు బాపట్ల కంటే మెరుగ్గానే ఉన్నాయి, కానీ రైలు మార్గం ఆ ఊరితో ఆగిపోతుంది, మంగినపూడి తీరంలో కాలు పెడితే నల్లటి ఒండ్రు తగులుతుంది, పోర్టు పూర్తయ్యాక ఆ ఊరి స్వభావం ఎలా మారుతుందో ఊహించడానికి పెద్దగా తెలివితేటలు అవసరం లేదు.

చీరాల విషయంలో మాత్రం చాలాకాలం తటపటాయించవలసి వచ్చింది. బాపట్లకు పదిహేను కిలోమీటర్ల దూరంలో, అదే రైలు మార్గం మీద ఉన్న ఊరది. వాడరేవు తీరం ఊరి నుంచి ఆరేడు కిలోమీటర్లే. నేత వస్త్రాల వ్యాపారంతో ఊరు ఎప్పుడూ కళకళలాడుతుంది, దొరకని వస్తువు ఉండదు. నిశ్శబ్దం కోరుకునేవారికి ఆ సందడే అడ్డు. బజారు వీధుల్లో సాయంత్రం పూట నడవడానికే కాదు, నిలబడడానికి కూడా చోటు ఉండదు. అటు వాడరేవు, రామాపురం తీరాల్లో రిసార్టులు వరుసకట్టడంతో, సెలవు రోజుల్లో ఆ రోడ్డు మీద హైదరాబాదు కార్లే కనిపిస్తాయి. వ్యాపారస్థుల మధ్య పెరిగి, సందడి లేకపోతే తోచనివారికి నేను చీరాలనే సిఫారసు చేస్తాను.

ఇక బాపట్ల. 2011 జనాభా లెక్కల ప్రకారం డెబ్బై వేల పైచిలుకు జనాభా గల ఊరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జిల్లా కేంద్రమైంది. ఊరి మధ్యలో భావనారాయణస్వామి ఆలయం ఉంది. భావపురి అన్న పాత పేరు ఆయన వల్లనే వచ్చిందంటారు. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది ఈ ఊళ్లోనే. 1945లో ప్రారంభమైన వ్యవసాయ కళాశాల, ఆ తరువాత వచ్చిన ఇంజనీరింగ్ కళాశాలలు ఊరికి ఒక చదువుల వాతావరణాన్ని కల్పించాయి. మనం బియ్యం కొట్లో బీపీటీ అని అడిగే సాంబ మసూరి వరి వంగడం, అంటే బీపీటీ 5204, ఇక్కడి పరిశోధన కేంద్రం నుంచి వచ్చినదే. ఆ మూడు అక్షరాలూ బాపట్లవేనని తెలియకుండా దశాబ్దాలుగా తింటున్నవారు లక్షల్లో ఉంటారు. ఈ వివరాలకు కాపురానికి సంబంధమేమిటని అడగవచ్చు. ఊరిలో చదువుకున్న విశ్రాంత ఉద్యోగులు, అధ్యాపకులు గణనీయంగా ఉండడం వల్ల, కొత్తగా వచ్చిన వయసు మళ్లినవారికి మాట్లాడే మనిషి దొరకడం తేలిక. ఉదయం కళాశాల వైపు నడకకు వెళితే వారం తిరిగేసరికి నలుగురు పరిచయమవుతారు.

అద్దెల విషయానికి వస్తే, విజయవాడలో ఒక పడకగది వాటాకు ఇచ్చే సొమ్ముతో ఇక్కడ రెండు పడకగదుల వాటా, ముందు కొంత ఖాళీ స్థలంతో సహా, దొరుకుతుంది. కాలేజీల దగ్గర విద్యార్థుల గిరాకీ వల్ల అద్దెలు కొంచెం ఎక్కువ, గొడవ కూడా ఎక్కువ. కొంచెం లోపలి వీధుల్లో పాత డాబా ఇళ్లు చవక. ఒక విషయం ముందుగానే తెలుసుకోవడం మంచిది. కొందరు యజమానులు టులెట్ బోర్డు చూసి వచ్చినవారిని మొదట అడిగేది నీసు వండుతారా అని. చేపల కోసం సముద్రతీరానికి వచ్చినవారికి ఈ ప్రశ్న కొంత విచిత్రంగా అనిపించవచ్చు గానీ, అడ్వాన్సు ఇచ్చాక తెలియడం కంటే గుమ్మంలో తెలియడమే నయం. కూరగాయలు, పాలు, పనిమనిషి జీతం, ఆటో చార్జీలు నగరంతో పోలిస్తే స్పష్టంగా తక్కువ. మందులు, కరెంటు బిల్లు, గ్యాసు ఎక్కడైనా ఒకటే కాబట్టి, నెల ఖర్చు సగానికి సగం తగ్గిపోతుందన్న ఆశతో రావద్దు. ఆదా ప్రధానంగా అద్దెలోను, తిరుగుడు తగ్గడంలోను కనిపిస్తుంది.

రైలు ఈ ఊరికి పెద్ద బలం, కొందరికి పెద్ద ఇబ్బంది కూడా. విజయవాడ–గూడూరు ప్రధాన మార్గం ఊరి మధ్య నుంచి వెళుతుంది కనుక అటు తెనాలి, విజయవాడ, ఇటు ఒంగోలు, చెన్నై వెళ్లిరావడం సులభం. ఎక్స్‌ప్రెస్ రైళ్లన్నీ ఇక్కడ ఆగవు. అప్పుడప్పుడు చీరాలకో తెనాలికో వెళ్లి ఎక్కవలసి వస్తుంది. స్టేషనుకు దగ్గరగా ఇల్లు తీసుకుంటే ప్రయాణానికి సుఖమే గానీ, రాత్రంతా గూడ్సు బండ్ల మోత వినిపిస్తుంది. నిశ్శబ్దం కోసం వచ్చినవారు పట్టాల నుంచి కనీసం రెండు మూడు వీధులు ఎడంగా ఇల్లు చూసుకోవాలి. రాత్రి పది తరువాత ఒకసారి ఆ వీధిలో నిలబడి విన్నాకే అద్దె మాట్లాడుకోవాలి.

సూర్యలంక తీరం ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంది. జీడిమామిడి, సరుగుడు తోటల మధ్యగా సాగే ఆ రోడ్డు నాకు తీరం కంటే ఎక్కువ నచ్చింది. తీరం విశాలమైనది, ఇసుక మెత్తనిది. సోమవారం నుంచి శుక్రవారం దాకా తెల్లవారుజామున వెళితే వలలు లాగే మత్స్యకారులు, నడకకు వచ్చిన కొద్దిమంది తప్ప ఎవరూ కనిపించరు. శనివారం మధ్యాహ్నానికి పరిస్థితి మారిపోతుంది. గుంటూరు, విజయవాడ, హైదరాబాదుల నుంచి వచ్చే జనంతో ఆదివారం ఆ ఇసుకలో చెత్త, సీసాలు తొక్కకుండా నడవడం కష్టం. కార్తీక మాసంలో, ముఖ్యంగా పౌర్ణమి నాడు, సముద్రస్నానానికి వచ్చేవారితో ఊరి దాకా వాహనాలు బారులు తీరుతాయి. ఊరు తీరానికి ఎడంగా ఉండడం ఎంత లాభమో ఆ రోజుల్లోనే తెలుస్తుంది. జనమంతా ఊరి మీదుగా వెళ్లి తీరంలో ఆగుతారు, మన వీధికి ఆ సంగతే పట్టదు. తీరానికి ఆనుకొనే ఇల్లు కావాలని పట్టుబట్టేవారు ఈ ఒక్క మాట ఆలోచించుకోవాలి.

సూర్యలంక సముద్రాన్ని నమ్మి లోతుకు దిగకూడదు. కెరటాల కింద ఇసుక జారిపోయే గుంటలు, లోపలికి లాగే ప్రవాహాలు ఉండడం వల్ల మునకలు తరచుగా జరుగుతుంటాయి. ఈతగాళ్లు, పోలీసులు హెచ్చరించే హద్దు దాటినవారే ఎక్కువగా ప్రమాదం పాలవుతారు. సెలవులకు వచ్చే మనవలను ఒంటరిగా పంపవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇక్కడ వైమానిక దళ స్థావరం, క్షిపణులను పరీక్షించే ప్రాంగణం ఉన్నాయి. పరీక్షలున్న రోజుల్లో మత్స్యకారులను సముద్రంలోకి వెళ్లవద్దని ముందుగా తెలియజేస్తారు, అప్పుడప్పుడు పేలుడు శబ్దం ఊరి దాకా వినిపిస్తుంది. కొత్తవారు ఉలిక్కిపడతారు, పాతవారు తల కూడా తిప్పరు.

చేపలు ప్రేమించేవారికి ఊరు ఆనందమే గానీ, ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధం అమలులో ఉంటుంది కాబట్టి, ఆ రెండు నెలలు వంజరం, చందువ ధరలు చూసి వెనక్కు రావలసిందే. నిజాంపట్నం రేవు నుంచి వచ్చే సరుకు మిగతా కాలంలో బాగుంటుంది. నెత్తళ్లు, కానగంతలు వంటి చిన్న చేపలు చవకగా, తాజాగా దొరుకుతాయి.

ఊరిని ఎంచుకునేటప్పుడు సముద్రం కంటే ఎక్కువగా పరిశీలించవలసినది నీటిని. తీరప్రాంతపు ఇసుక నేలల్లో వాన నీరు ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతూ ఉంటుంది. తక్కువ లోతు నుంచి నెమ్మదిగా తోడుకుంటే మంచినీరు వస్తుంది. బోరు లోతుగా దింపి పెద్ద మోటారుతో లాగితే ఆ పొర తరిగిపోయి, కింది ఉప్పునీరు పైకి ఎగబాకుతుంది. ఒకసారి ఉప్పుబారిన బోరు మళ్లీ మామూలు స్థితికి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. దీనికి తోడు తీరం వెంబడి రొయ్యల చెరువులు విస్తరించిన చోట్ల చుట్టుపక్కల బావుల నీరు కూడా చెడిపోయింది. అందువల్ల ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్లలో ఒకరికి తియ్యటి నీరు, మరొకరికి నోట పెట్టుకోలేని నీరు ఉండడం ఇక్కడ మామూలే. మేము మొదట చూసిన ఒక ఇంటిలో నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని యజమాని చెప్పారు; గ్లాసులో పట్టి చూపించమంటే, ఆ పూట మోటారు పనిచేయడం లేదన్నారు. వెంటనే వేరే ఇల్లు చూసుకున్నాము. పట్టణ కుళాయి నీరు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల నుంచి వచ్చి మంచినీటి చెరువులో నిలవ ఉన్నదే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆ నిలవ మీదే ఊరంతా ఆధారపడాలి కనుక, సరఫరా తగ్గే రోజులుంటాయి. తాగడానికి చాలా ఇళ్లవారు ఆర్వో ప్లాంటు టిన్నులే తెప్పించుకుంటారు. మే నెలలో కుళాయి ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందో యజమానిని కాక ఎదురింటివారిని అడగాలి.

ఉప్పుగాలి చేసే నష్టం నీటి కంటే నెమ్మదైనది, కానీ ఖర్చు తక్కువేమీ కాదు. తీరానికి దగ్గరైన కొద్దీ కిటికీ ఊచలు, గేట్లు, ఫ్యాను రెక్కల అంచులు తొందరగా తుప్పు పడతాయి. ఏసీ బయటి యూనిట్లు నగరంలో మన్నినంత కాలం మన్నవు. ఊరి లోపల, సముద్రానికి ఎడంగా ఉన్న ఇళ్లలో ఈ బాధ చాలా తక్కువ. అద్దెకుండేవారికి ఇది యజమాని తలనొప్పి, కొనేవారికి సొంత తలనొప్పి. తీరప్రాంతంలో కట్టిన ఇల్లు కొనేటప్పుడు స్లాబు అడుగు భాగాన్ని, స్తంభాల మూలలను జాగ్రత్తగా చూడాలి. ఉప్పు ఇసుకతో కట్టిన చోట లోపలి ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. కొత్తగా సున్నం వేసిన పాత ఇంటిని మరింత అనుమానించాలి.

తుఫానుల మాట ఎత్తకుండా ఈ తీరంలో ఇల్లు చూసుకోమని ఎవరికీ చెప్పలేము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన జ్ఞాపకం ఈ చుట్టుపక్కల పెద్దవారిలో ఇప్పటికీ సజీవంగా ఉంది. 1990 మే తుఫాను కూడా కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరాన్ని తాకింది. కోతకు వచ్చిన పొలాలు నేలకొరిగి రైతులు నష్టపోయారు. ఇప్పుడు హెచ్చరికలు రోజుల ముందే వస్తున్నాయి, తరలింపు వ్యవస్థ 1977 నాటితో పోల్చలేనంత మెరుగైంది కాబట్టి, ఊరి మధ్యలో గట్టి డాబా ఇంట్లో ఉన్నవారికి ప్రాణభయం తక్కువ. అసలు బాధ గాలి వెళ్లిపోయిన తరువాత మొదలవుతుంది. కరెంటు రోజుల తరబడి రాకపోవచ్చు, కరెంటు లేకపోతే మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే పై ట్యాంకులో నీళ్లుండవు. ఊరి చుట్టూ డెల్టా మురుగు కాలువలు ఉన్నాయి. పైనుంచి వరద, కింది నుంచి సముద్రపు పోటు కలిసినప్పుడు నల్లమడ వంటి కాలువలు పొంగి పల్లపు ప్రాంతాలు మునుగుతాయి. కాబట్టి ఇల్లు చూసేటప్పుడు వీధి మట్టానికి గడప ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో, గోడ మీద పాత నీటి చార ఏమైనా ఉందో చూడడం, చేతిపంపు లేదా మూతగల నేల సంపు ఉన్న ఇంటికి ప్రాధాన్యం ఇవ్వడం అవసరం. ఇన్వర్టరు ఉంటే చాలదు. అది దీపాలకు, ఫ్యానుకు సరిపోతుందే గాని నీళ్ల మోటారుకు పనికిరాదు.

ఎండల విషయంలోనూ ఒక భ్రమ ఉంది. సముద్రం పక్కనే కదా, చల్లగా ఉంటుందని అనుకుంటారు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగిన రోజు హాయిగానే ఉంటుంది. మే, జూన్ నెలల్లో పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలి ఆలస్యమైన రోజు, వడగాలికి ఉక్కపోత తోడవుతుంది. ఉబ్బసం, రక్తపోటు ఉన్నవారు ఆ రెండు నెలలు బయట తిరగకపోవడమే మంచిది.

నా మార్కులు ఎక్కువగా తగ్గింది వైద్యం దగ్గర. జ్వరం, మధుమేహం, కంటి పరీక్ష వంటివాటికి ఊళ్లో డాక్టర్లు సరిపోతారు, ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఉంది. గుండెపోటు, పక్షవాతం వంటి అత్యవసర స్థితిలో మాత్రం యాభై కిలోమీటర్ల దూరంలోని గుంటూరుకే పరుగెత్తాలి, పొన్నూరు మీదుగా ఆ రోడ్డు మీద గంటకు పైగా పడుతుంది. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చాక నెలనెలా చూపించుకునే దీర్ఘరోగులకు మంచి సదుపాయం దగ్గరైంది గానీ, అర్ధరాత్రి ఆయాసానికి అది పనికిరాదు. ఇంతకు ముందే గుండెకు స్టెంటు వేయించుకున్నవారికి, డయాలసిస్ మీద ఉన్నవారికి నేను ఈ ఊరిని సూచించను. వారు గుంటూరులోనో తెనాలిలోనో ఉండి, మనసైనప్పుడు సూర్యలంక వచ్చి వెళ్లడమే క్షేమం.

కొనడం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడికి వచ్చిన ప్రతివారినీ మొదటి వారంలోనే ఒక స్థలాల దళారి పలకరిస్తాడు. సముద్రానికి ఎదురుగా, రంగుల కరపత్రాలతో అమ్మే ప్లాట్లలో కొన్ని తీరప్రాంత నియంత్రణ మండలం పరిధిలోకి వస్తాయి. 2019 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం, జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో పోటు రేఖ నుంచి 200 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు చేయకూడదు. జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో ఆ హద్దు 50 మీటర్లు. మరికొన్ని పేదలకు ప్రభుత్వం పంచిన అసైన్డు భూములు. 1977 చట్టం ప్రకారం వాటి అమ్మకంపై ఆంక్షలున్నాయి. సర్వే నంబరు రిజిస్ట్రేషను చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఉందేమో చూడడం, ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం, తీయించడం, లేఅవుటుకు అనుమతి సంఖ్య అడగడం, ఈ మూడూ చేయకుండా బయానా ఇవ్వకూడదు. అమరావతి దగ్గరని, జిల్లా కేంద్రమైందని, సూర్యలంకను పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దుతున్నారని దళారులు చెప్పే మూడు కారణాలూ అబద్ధాలు కావు. కానీ ఆ మూడూ నిజంగా ఫలిస్తే ఊరు నిశ్శబ్దంగానూ ఉండదు, చవకగానూ ఉండదు. ప్రశాంతత కోసం వచ్చినవారు అదే ఊరి భూముల ధరలు పెరగాలని కోరుకోవడంలో ఉన్న వైరుధ్యాన్ని వారే తేల్చుకోవాలి.

ఇల్లు చూడడానికి వెళ్లేవారు సంక్రాంతి సెలవుల్లో వెళ్లకపోవడం మంచిది. ఆ వారంలో గాలి, నీరు, మనుషులు అన్నీ బాగుంటాయి, ఏదీ తెలియదు. పదకొండు నెలల అద్దె ఒప్పందాన్ని ఏప్రిల్‌లో మొదలుపెడితే, కాలువలు కట్టేసిన వేసవి, తుఫానుల నవంబరు రెండూ ఆ ఒప్పందం లోపలే వస్తాయి. సామాను మొత్తం తరలించకుండా మంచాలు, వంటసామాను మాత్రం తెచ్చుకొని ఆ రెండు కాలాలూ గడిపి చూశాక, నగరంలోని ఇంటిని అమ్మాలో అద్దెకివ్వాలో నిర్ణయించుకోవచ్చు.